మాట వినిపించని 5.1: కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఒక పాత హోమ్ థియేటర్ కేసు

ఇల్లు కూకట్‌పల్లిలో, రెండో అంతస్తులో 2 బీహెచ్‌కే. హాలు పొడవు 18 అడుగులు, వెడల్పు 11. టీవీ పొడుగు గోడకు, దానికి ఎదురుగా వెనక గోడకు ఆనుకుని సోఫా. టీవీకి ఎడమవైపు బాల్కనీ అద్దాల తలుపు, కుడివైపు తెరిచి ఉండే డైనింగ్. కింద టైల్స్. సెట్ ఎనిమిది వేల లోపు ధరలో కొన్న 5.1 మల్టీమీడియా స్పీకర్లు. ఐదు చిన్న స్పీకర్లు (వీటినే శాటిలైట్లు అంటారు), బాస్ కోసం 8 అంగుళాల సబ్ ఊఫర్, యాంప్లిఫయర్ ఆ సబ్ డబ్బాలోనే ఉంటుంది. మన ఇళ్లలో "హోమ్ థియేటర్" అంటే నూటికి తొంభై మందికి కళ్లముందు కనిపించేది ఇలాంటి సెట్టే.

ఇంటాయన చెప్పిన సమస్య నాకు కొత్త కాదు. "సినిమా పెడితే మాటలు వినపడవన్నా. సౌండ్ పెంచితే ఫైట్ రాగానే ఇల్లు అదిరిపోతుంది. రిమోట్ చేతిలో పట్టుకునే చూడాలి." వాళ్ల అమ్మగారికి డెబ్బై దాటాయి. ఆవిడ అయితే సినిమాలు చూడటమే మానేశారు. కింది ఫ్లాట్ వాళ్లు ఇప్పటికే రెండుసార్లు పైకి వచ్చి చెప్పి వెళ్లారు. ఈ సెట్ తీసేసి నలభై వేల సౌండ్‌బార్ కొనాలని ఆయన దాదాపు నిర్ణయించుకుని, ఏది కొనాలో చెప్పమని నన్ను పిలిచారు.

కొనే ముందు ఉన్నదాన్ని ఒకసారి చూద్దాం అన్నాను. ఈ ధరలో వచ్చే సెట్లలో చాలావాటికి వాటి అసలు పని చేసే అవకాశమే మనం ఇవ్వం. చానల్ అంటే ఒక్కో స్పీకర్‌కు విడిగా వెళ్లే సౌండ్. ఆరు చానళ్ల పెట్టెకు రెండు చానళ్ల వైరు పెట్టి, అది బాగా లేదని పక్కన పడేస్తాం. అందుకే ఈ కేసు మొత్తం రాస్తున్నాను. ఇందులో కనబడిన లోపాల్లో చాలావరకు మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

ముందు చూసింది వైరింగ్

నేను వెళ్లగానే పాట పెట్టి వినను. టీవీ వెనక్కి వెళ్లి వైర్లు చూస్తాను. ఇక్కడ టీవీ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి రెండు ఆర్‌సీఏ పిన్నుల వైరు ఒకటి వచ్చి సెట్ వెనక ఆక్స్ ఇన్‌పుట్‌లో కూర్చుంది. అంతే. పక్కనే 5.1 ఇన్‌పుట్ అని రాసి ఆరు సాకెట్లు ఖాళీగా ఉన్నాయి. కొన్నప్పటి నుంచి వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వచ్చేది స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండే. డాల్బీ డిజిటల్ డీకోడర్, అంటే ఒకే వైరులో వచ్చే 5.1 సౌండ్‌ను ఆరు చానళ్లుగా విప్పే భాగం, ఈ సెట్‌లో లేదు. ఈ తరగతి సెట్లలో చాలావాటిలో ఉండదు. ఆక్స్‌లో వచ్చిన రెండు చానళ్లనే ఐదు స్పీకర్లకూ పంచి పెడుతుంది. డబ్బా మీద 5.1 అని ఉన్నది స్పీకర్ల లెక్క, సౌండ్ లెక్క కాదు. మాట ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి ఒకేసారి వస్తుంది. ఒక్కో స్పీకర్ నుంచి చెవికి దూరం వేరు కాబట్టి ఒక్కో క్షణం తేడాతో చేరుతుంది. ధ్వనికి ఒక అడుగు దాటడానికి ఒక మిల్లీసెకనుకు కాస్త తక్కువ పడుతుంది. ఆ తేడాలన్నీ కలిసి అక్షరాల అంచులు అరిగిపోతాయి.

నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో డాల్బీ డిజిటల్ చానల్ టెస్ట్ ఫైల్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఒక్కో స్పీకర్ పేరు చెబుతూ వెళ్తుంది. "సెంటర్" అన్నప్పుడు ఐదు స్పీకర్లూ "సెంటర్" అన్నాయి. ఇంటాయనకు అదొక్కటి వినిపించాక ఇక వేరే వివరణ అవసరం లేకపోయింది. మీరూ ఈ పరీక్ష చేయొచ్చు. కాకపోతే యూట్యూబ్‌లో 5.1 టెస్ట్ అని పెట్టిన వీడియోలను నమ్ముకోవద్దు, వాటిలో చాలావరకు మన దాకా స్టీరియోగానే చేరతాయి.

పెన్సిల్ సెల్ పరీక్ష

మాట పలచబడటానికి ఇంకో కారణం కూడా ఉందని నాకు అనుమానం వచ్చింది. గదికి సరిగ్గా మధ్యలో కూర్చుని వింటే గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా తల చుట్టూ తేలుతున్నట్టు ఉంది. ఇలా ఉంటే నేను పోలారిటీ చూస్తాను, అంటే స్పీకర్ ప్లస్, మైనస్ తిరగబడ్డాయా అని.

దీనికి మీటర్ అక్కర్లేదు. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. స్పీకర్ జాలీ మెల్లగా ఊడదీసి, దాని వైరును సబ్ వెనక నుంచి పీకి, పిన్ మధ్య మొనకు సెల్ ప్లస్, చుట్టూ ఉన్న రేకుకు మైనస్ ఒక్క క్షణం తాకించాలి. టిక్ అని చప్పుడు వస్తుంది, కోన్ కాస్త బయటికి పొడుచుకొస్తుంది. కళ్లు దగ్గరగా పెట్టి పక్క నుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు శాటిలైట్లలో కోన్ బయటికి వచ్చింది. ముందు కుడివైపు దానిలో లోపలికి పోయింది.

వైరు వెంబడి చేత్తో తడుముకుంటూ వెళ్తే టీవీ యూనిట్ వెనక ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు దొరికింది. వైరు చాలక ఎవరో ముక్క కలిపినప్పుడు రెండు తీగలూ అటుదిటు అయ్యాయి. స్టీరియోలో డైలాగ్ ఎడమ, కుడి రెండింటిలోనూ సమానంగా ఉంటుంది. ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగితే, సరిగ్గా ఆ సమానంగా ఉన్న భాగమే, అంటే గొంతు నిండుదనమే, చచ్చుబడుతుంది. జాయింటు విప్పి, తిప్పి, సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. ఇంకా డీకోడర్ పెట్టకముందే, ఈ ఒక్క పనికే అమ్మగారు వంటింట్లోంచి వచ్చి "ఇప్పుడు కొంచెం తెలుస్తోంది నాయనా" అన్నారు.

డీకోడర్

పరిష్కారం ఒక చిన్న పెట్టె. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ లేదా హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను బయటికి పంపే హెచ్‌డీఎంఐ సాకెట్) ద్వారా డిజిటల్ సౌండ్ తీసుకుని, డాల్బీ డిజిటల్, డీటీఎస్ విప్పి, ఆరు ఆర్‌సీఏ అవుట్‌పుట్లు ఇచ్చే డీకోడర్. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. మాకు 2,600 రూపాయలు అయింది. షాపులో నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: ముందు చానళ్ల బాస్‌ను సబ్‌కు మళ్లించే సెట్టింగ్ ఉందా? ఇది చాలామందికి తెలియక ఇబ్బంది పడతారు. 5.1లో ఆ ".1" అనేది సినిమా వాళ్లు పేలుళ్లు, ఉరుముల కోసం విడిగా కలిపే ఎల్ఎఫ్ఈ చానల్. డాల్బీ డిజిటల్‌లో అది 120 హెర్ట్జ్ వరకే, అంటే బాగా కింది స్వరాల వరకే ఉంటుంది. పాటలో డోలు, బేస్ గిటార్ లాంటివి చాలావరకు ముందు చానళ్లలోనే ఉంటాయి. బాస్ మళ్లించే సెట్టింగ్ లేకపోతే ఆ బాస్ 3 అంగుళాల శాటిలైట్‌కు వెళ్లి అక్కడే పోతుంది. సినిమా బాగుంటుంది, పాట మాత్రం రేకు డబ్బాలా మోగుతుంది. "డీకోడర్ పెట్టాక పాటలు పాడైపోయాయి" అనే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఉండేది ఇదే. అలాంటి డీకోడర్ ఇప్పటికే కొనేసి ఉంటే పాటలకు పాత ఆక్స్ దారినే వాడుకోండి.

ఇక్కడ నేను ఆప్టికల్ వాడాను. ఏఆర్‌సీ కూడా పనికొచ్చేదే, హెచ్‌డీఎంఐలో 2009 నుంచి ఉంది. కానీ ఈ ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ కేబుల్ వల్ల గ్రౌండ్ లూప్ ఉంది, అంటే పరికరాల ఎర్త్‌లు కేబుళ్ల ద్వారా కలిసి చుట్టుగా మారి చప్పుడు తెచ్చే సమస్య. సౌండ్ లేనప్పుడు స్పీకర్లలో సన్నగా "మ్‌మ్" అని రొద వినిపించేది. ఆప్టికల్‌లో పోయేది వెలుతురు, టీవీకీ సెట్‌కూ మధ్య రాగి తీగ ఉండదు. కాబట్టి ఆ రొద అక్కడితో ఆగిపోయింది. ఈ కేబుల్ రెండు చివర్లా ఉండే ప్లాస్టిక్ మూతలు తీయకుండా గుచ్చడానికి ప్రయత్నించి కేబుల్ చెడిపోయిందనుకునేవాళ్లు చాలామంది. మూత తీసి టీవీకి పెడితే రెండో చివర ఎర్రగా వెలుగు కనిపించాలి.

టీవీ సెట్టింగ్ దగ్గర కాస్త ఆగాలి. సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ అని ఉంటుంది. టీవీలు ఎక్కువగా పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) మీద ఉంటాయి. ఆప్టికల్‌లో పీసీఎం అంటే మళ్లీ రెండు చానళ్లే. పాస్‌త్రూ (వచ్చిన సౌండ్‌ను మార్చకుండా అలాగే పంపడం) పెడితే ఇంకో చిక్కు: ఓటీటీ యాప్‌లు ఎక్కువగా ఇచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్, దాన్ని ఈ చిన్న డీకోడర్లు విప్పలేవు, ఆప్టికల్ మోయలేదు. అక్కడ పెట్టాల్సింది డాల్బీ డిజిటల్ అనే ఆప్షన్. అప్పుడు ప్లస్‌ను మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపే పని టీవీ చూసుకుంటుంది. యాప్‌లో సినిమా పెట్టేటప్పుడు కూడా ఆడియో లిస్టులో "తెలుగు" వేరు, "తెలుగు 5.1" వేరు. రెండూ ఉంటే రెండోది ఎంచుకోవాలి. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పంపితే ఎప్పుడూ స్టీరియోనే.

చోటు మార్చడం: అసలు లాభం ఇక్కడే

డీకోడర్ కొనిచ్చి వెళ్లిపోతే సగం పనే అవుతుంది. స్పీకర్ల చోటు మీద నేను ఎక్కువసేపు పెడతాను.

సెంటర్ స్పీకర్ టీవీ యూనిట్ కింది అరలో, అద్దం తలుపు వెనక ఉంది. సినిమాలో డైలాగ్ దాదాపు మొత్తం వచ్చేది సెంటర్ నుంచే. దాన్ని మోకాళ్ల ఎత్తులో, అద్దం వెనక దాచాక మాట ఎలా వినిపిస్తుంది? టీవీ కింద, బల్ల ముందంచుకు తెచ్చి, తలుపుల కింద పెట్టే రబ్బరు ముక్కలతో ముందు భాగం పైకి ఎత్తి చెవి వైపు చూసేలా పెట్టాను. అంచుకు తేవడం ముఖ్యం. వెనక్కి జరిపితే బల్ల మీద పడిన శబ్దం తిరిగి వచ్చి గొంతులో కలుస్తుంది.

ముందు ఎడమ, కుడి టీవీకి అంటుకుని నాలుగడుగుల ఎడంలో ఉన్నాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 5.1 కోసం ఇచ్చిన సిఫారసు ప్రకారం ఇవి మధ్య గీత నుంచి చెరో 30 డిగ్రీల్లో ఉండాలి. తేలిక లెక్కలో చెప్పాలంటే, చెవి నుంచి స్పీకర్‌కు ఎంత దూరమో రెండు స్పీకర్ల మధ్య అంత దూరం. ఇక్కడ ఎనిమిది అడుగులు కావాలి, బాల్కనీ తలుపు అడ్డు వచ్చి ఏడే కుదిరాయి. చాలు.

వెనక స్పీకర్లు రెండూ డైనింగ్‌లో క్రాకరీ అల్మారా మీద పక్కపక్కన ఉన్నాయి, ఒకే వైపు. వైరు అక్కడికే వచ్చిందట. అదే సిఫారసులో వీటికి 100 నుంచి 120 డిగ్రీలు, అంటే పక్కకు, కాస్త వెనక్కి. సోఫాను గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపించి, వెనక గోడకే సోఫా రెండు చివర్ల బయటగా, ఐదున్నర అడుగుల ఎత్తులో బిగించి, ఒకదానికొకటి ఎదురుగా చూసేలా తిప్పాను. కొలిస్తే 110 దాటి వచ్చింది. 23/76 స్పీకర్ వైరు, గోడ వెంబడి పీవీసీ కేసింగ్‌లో. పెద్దవాళ్లు తిరిగే ఇంట్లో వైరు నేల మీద వదలకూడదు, తివాచీ కింద కూడా.

సోఫాను జరిపించడానికి ఇంకో కారణం బాస్. గోడకూ గోడకూ మధ్య ఒక్కో గదికి కొన్ని స్వరాలు పదింతలై మోగుతాయి. 565ను గది కొలతతో, అడుగుల్లో, భాగిస్తే మొదటిది వస్తుంది. 11 అడుగుల వెడల్పుకు దాదాపు 51 హెర్ట్జ్. ఆ స్వరం గోడల దగ్గరే అన్నింటికన్నా బలంగా ఉంటుంది. సోఫా ఉన్నది గోడకు ఆనుకుని, సబ్ ఉన్నది బాల్కనీ పక్క మూలలో. మూల అన్ని స్వరాలనూ రెచ్చగొట్టే చోటు. ఇంటాయన "బాస్ సూపర్ అన్నా" అని చూపించింది నిజానికి ఈ ఒక్క స్వరం హోరే.

సబ్‌కు చోటు వెతకడానికి నేను వాడే పద్ధతి: సబ్‌ను తెచ్చి సోఫా మీద, మనిషి కూర్చునే చోట పెట్టాలి. బాస్ గీత ఒక్కో మెట్టు ఎక్కే పాట ఒకటి పెట్టాలి. తర్వాత మోకాళ్ల మీద గది అంచుల వెంబడి పాకుతూ వినాలి. ఎక్కడ ప్రతి మెట్టూ సమానంగా వినిపిస్తుందో అక్కడ సబ్ పెట్టాలి. ఇంటాయన కూడా నాతో పాటు పాకారు. టీవీ యూనిట్‌కు కుడివైపు, మూలకు దూరంగా, గోడ నుంచి జానెడు ఎడంలో మంచి చోటు దొరికింది. కింద మందపాటి ఈవీఏ ఫోమ్ మ్యాట్ వేశాం.

ఎదురుగా ఉన్న టైల్స్ మీద టీవీకి, సోఫాకు మధ్య వాళ్ల ఇంట్లోనే మడతపెట్టి ఉన్న వరంగల్ జంపఖానా పరిపించాను. బాల్కనీ తలుపుకు పలచటి కర్టెన్ బదులు బరువైనది. అద్దం, టైల్స్ మీద కొట్టుకుని వచ్చే గరగర తగ్గితే మాట స్పష్టంగా ఉంటుంది.

లెవెల్స్, అమ్మగారి చెవి

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, చెవి ఎత్తులో పట్టుకుని, ఒక్కో స్పీకర్‌కు టెస్ట్ శబ్దం పెట్టి అన్నీ 70 డెసిబెల్స్ దగ్గరికి తెచ్చాను. ఫోన్ యాప్ అంకె కచ్చితం కాకపోవచ్చు. ఫర్వాలేదు, మనకు కావాల్సింది స్పీకర్ల మధ్య తేడా. వెనక స్పీకర్లు చెవికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి రెండు డెసిబెల్స్ తగ్గించాను. సెంటర్ రెండు పెంచాను.

అమ్మగారి విషయం నేను విడిగా చూశాను. వయసుతో ముందు తగ్గేది సన్నటి, పై శ్రుతి శబ్దాల వినికిడి. స, శ, త, ప లాంటి హల్లులు తెలియాలంటే ఆ పై శబ్దాలే ఆధారం. అచ్చులు మాత్రం గట్టిగానే వినిపిస్తాయి. అందుకే పెద్దవాళ్లు "అరుస్తున్నారు గానీ ఏమంటున్నారో తెలియట్లేదు" అంటారు. వాల్యూమ్ పెంచితే లాభం లేదు, ఎందుకంటే బాస్ కూడా పెరుగుతుంది, బలమైన బాస్ తన కన్నా పై శబ్దాలను కప్పేస్తుంది. ఆవిడకు పనికొచ్చేది బాస్ తగ్గించి, సెంటర్ పెంచడం. సెట్ రిమోట్‌లో ఒక్కో చానల్‌కు విడిగా బటన్లు ఉన్నాయి. ఆవిడ చూసేటప్పుడు సబ్ బాగా దించి, సెంటర్ ఇంకో రెండు పెంచాలని ఇంటాయనకు చూపించాను. చెవి డాక్టర్‌కు ఒకసారి చూపించమని కూడా చెప్పాను. స్పీకర్లతో సర్దేది కొంతవరకే.

రాత్రిళ్లు టీవీలో నైట్ మోడ్ పెట్టుకోమన్నాను. పెద్ద శబ్దాలను అణిచి చిన్నవాటిని పైకి తెస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ హద్దు ఉంది. అంకెల మాట పక్కన పెట్టినా, కింద ఫ్లాట్‌లో పసిబిడ్డ ఉంది. మ్యాట్ వల్ల స్లాబ్‌లోకి దిగే అదురు కొంత తగ్గుతుంది గానీ గాలిలో పోయే బాస్‌ను అది ఆపలేదు. కింది వాళ్లకు నిజంగా మేలు చేసింది సబ్ మూల నుంచి బయటికి రావడం, లెవెల్ దిగడం.

ఖర్చు, మిగిలిపోయినవి

డీకోడర్, ఆప్టికల్ కేబుల్, వైరు, కేసింగ్, మ్యాట్, కర్టెన్, నా కూలీ అన్నీ కలిపి ఏడు వేల లోపే. సౌండ్‌బార్ కొనడం మానుకున్నారు. డబ్బా మీద వేలల్లో ఉన్న పీఎంపీఓ వాట్లు (ఒక్క క్షణం రాగలదని కంపెనీ చెప్పుకునే పవర్) చూసి ఇంటాయన "ఇంత పవర్ ఉన్నా ఎందుకు చాలట్లేదు" అని మొదట్లో అడిగారు. సబ్ వెనక స్టిక్కర్ మీద కరెంటు వాడకం చూపించాను, 80 వాట్లు. కరెంటుగా లోపలికి పోయిన దానికన్నా ఎక్కువ శబ్దంగా నిలకడగా బయటికి రాదు. 18 బై 11 హాలుకు, మనిషి ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే, ఆ కొంచెమే ఎక్కువ.

సర్దలేనివి ఉన్నాయి. 3 అంగుళాల శాటిలైట్‌లో గొంతు కింది నిండుదనం పెద్ద స్పీకర్‌లో వచ్చినంత రాదు. పైకప్పు నుంచి వచ్చే అట్మాస్ ఈ సెట్‌లో లేదు. ఆప్టికల్ పెట్టాక టీవీ రిమోట్‌తో వాల్యూమ్ మారదు, సెట్ రిమోట్ వాడాలి. అమ్మగారికి రెండు రిమోట్లు కష్టం. ఆవిడ చూసే సీరియళ్లు, భక్తి చానళ్లు సెట్‌టాప్ బాక్స్ నుంచి స్టీరియోలోనే వస్తాయి. కాబట్టి పగలు సెట్ ఆపేసి టీవీ స్పీకర్లతోనే చూడమన్నాను, ఒక్క రిమోట్‌తో సరిపోతుంది. సినిమా పెట్టినప్పుడే సెట్. ఈ ఏర్పాటు ఆవిడకు నచ్చింది. ఇప్పుడు ఆదివారం సినిమాకు సోఫాలో మధ్య సీటు ఆవిడదే, మళ్లీ వినిపించమని ఎవరినీ అడగట్లేదని ఇంటాయన తర్వాత ఫోన్ చేసి చెప్పారు.

ఆ ఫోన్‌లోనే ఇంకో మాట అన్నారు, వెనక స్పీకర్లు రావట్లేదని. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు డిజిటల్ అవుట్‌పుట్ మళ్లీ పీసీఎంకు వెళ్లిపోయింది. ఇది చాలా టీవీల్లో జరుగుతుంది. డీకోడర్ ముందువైపు డాల్బీ అని చిన్న లైటు ఉంటుంది, 5.1 సినిమా నడుస్తున్నప్పుడు అది వెలగాలి. వెలగకపోతే టెక్నీషియన్‌ను పిలవక్కర్లేదు. ముందు యాప్‌లో ఆడియో "తెలుగు 5.1" ఉందా, తర్వాత టీవీ సౌండ్ మెనూలో డాల్బీ డిజిటల్ ఉందా చూడండి. రెండూ ఉన్నా లైటు రాకపోతే ఆప్టికల్ కేబుల్ ఊడి ఉంటుంది, టిక్ అనేదాకా నొక్కండి.